లేఅవుట్ ట్యాగుల కాలం

ఏ వెబ్‌సైట్ తీసుకున్నా ప్రతి పేజీలోనూ మారకుండా ఉండేవి కొన్ని ఉంటాయి: పైన సంస్థ పేరు, లోగో, ఎడమ పక్క మెనూ, అడుగున కాపీరైట్ వరస. పేజీతో పాటు మారేది నడిమధ్యనుండే అసలు విషయం ఒక్కటే. మారనిదాన్ని ఒకేచోట రాసిపెట్టుకుని, మారేదాన్ని మాత్రం పేజీకొకటి చొప్పున రాసుకునే వీలు కల్పించినవే జావాలోని లేఅవుట్ ట్యాగులు. 2000 తర్వాత పది పన్నెండేళ్ల పాటు వీటిని నేర్చుకోవడం, రాయడం, ఇంటర్వ్యూల్లో వీటి మీద జవాబులు చెప్పడం సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిన ఒక తెలుగు తరానికి రోజువారీ పని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుర్రకారులో చాలామందికి ఈ విద్య సొంత ఊళ్లో దొరకలేదు. దాని కోసం హైదరాబాద్ అమీర్‌పేట దాకా వెళ్లారు. ఇప్పుడు ఆ ట్యాగులను కొత్తగా నేర్చుకునేవాళ్లు దాదాపు లేరు, వాటిని నేర్చుకున్న తీరు కూడా మిగల్లేదు.

ట్యాగులు రాకముందు జావాలో వెబ్ పేజీ అంటే సర్వ్‌లెట్. పేజీలోని ప్రతి వరసనూ ప్రింట్ఎల్ఎన్ అనే ఆదేశంలో, కొటేషన్ల మధ్య రాయాలి. ఆ వరసలోనే ఇంకో కొటేషన్ వస్తే దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. ఒక్క బ్యాక్‌స్లాష్ మరిచిపోతే క్లాసు కంపైలే కాదు. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ జావా సర్వర్ పేజెస్ తెచ్చాక ఈ బాధ తప్పింది. హెచ్‌టీఎంఎల్ పేజీని హెచ్‌టీఎంఎల్‌లాగే రాసి, మధ్యలో అవసరమైనచోట జావా ముక్కలు పెట్టుకుంటే సరిపోయేది. జేఎస్పీ అని అందరూ పిలిచిన ఈ పద్ధతితో పేజీ రాయడం తేలికైంది కానీ, రాసిందే మళ్లీ మళ్లీ రాయడం మాత్రం తప్పలేదు.

ఆ కాలపు ఇంజనీరింగ్, ఎంసీఏ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు తిరగేస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్టల్ మేనేజ్‌మెంట్, ఆన్‌లైన్ బ్యాంకింగ్, రైల్వే రిజర్వేషన్ లాంటి పేర్లతో ఉండే ఆ ప్రాజెక్టుల్లో ముప్ఫై నలభై పేజీలుండేవి. ప్రతి పేజీకీ ఒక పెద్ద టేబుల్. అప్పటి మానిటర్లలో చాలావాటి రిజల్యూషన్ 800 బై 600 కనుక, పక్కకి జరపాల్సిన అవసరం రాకుండా టేబుల్ వెడల్పు 780 పిక్సెళ్లు పెట్టేవారు. పై అడ్డువరసలో కాలేజీ పేరు, ఎడమ నిలువువరసలో మెనూ, కుడిపక్క పెద్ద గడిలో విషయం, కింది అడ్డువరసలో విద్యార్థుల పేర్లు. మొదటి పేజీ రాయడానికి ఒక రోజు పట్టేది. మిగతావన్నీ దాని కాపీలే. గైడ్ మెనూలో ఒక కొత్త లింకు పెట్టమంటే నలభై ఫైళ్లూ తెరవాలి. తెరిచి మార్చుకుంటూ పోతే ఎక్కడో ఒకటి రెండు పేజీల్లో పాత మెనూ ఉండిపోయేది. వైవా రోజున ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మౌస్ సరిగ్గా ఆ పేజీ మీదికే వెళ్లేది.

దీనికి దొరికిన మొదటి విరుగుడు ఇన్‌క్లూడ్. హెడర్‌ను ఒక ఫైల్లో, మెనూను ఒక ఫైల్లో, ఫుటర్‌ను ఇంకో ఫైల్లో రాసుకుని, కావలసిన పేజీల్లోకి తెచ్చుకోవడం. ఇది రెండు రకాలు. ఇన్‌క్లూడ్ డైరెక్టివ్ పెడితే జేఎస్పీ పేజీ సర్వ్‌లెట్‌గా మారేటప్పుడే ఆ ఫైలు అందులో కలిసిపోతుంది. ఇన్‌క్లూడ్ యాక్షన్ పెడితే, పేజీని ఎవరైనా అడిగినప్పుడల్లా ఆ ఫైలు విడిగా నడిచి, దాని ఫలితం వచ్చి చేరుతుంది. ఈ రెంటికీ తేడా ఏమిటన్నది జావా ఇంటర్వ్యూల్లో అడగని చోటు లేదు. డైరెక్టివ్‌తో ఇంకో తంటా ఉండేది. హెడర్ ఫైలు మారిస్తే ఆ సంగతి చాలాసార్లు టామ్‌క్యాట్ సర్వర్‌కు తెలిసేది కాదు, పాత హెడరే కనిపిస్తూ ఉండేది. టామ్‌క్యాట్ ఆపి, వర్క్ అనే ఫోల్డర్లో ఉన్నదంతా చెరిపేసి, మళ్లీ స్టార్ట్ చేస్తే తప్ప కొత్తది రాదు. ఈ కిటుకు పుస్తకాల్లో కంటే ముందు పక్క సిస్టమ్ మీద కూర్చున్నవాడి దగ్గర దొరికేది.

ఇన్‌క్లూడ్‌లతో పేజీలోని ముక్కలు ఒకచోటికి చేరాయి కానీ పేజీ అస్థిపంజరం చేరలేదు. హెడర్ ముందు, మెనూ ఎడమకి, ఫుటర్ చివర అన్న వరస ప్రతి పేజీలోనూ అలాగే ఉండిపోయింది. మెనూను ఎడమ నుంచి కుడికి మార్చాలంటే మళ్లీ నలభై ఫైళ్లూ తెరవాల్సిందే. పేజీ తన విషయం ఒక్కటే చెప్పి ఊరుకోవాలి, ఏది ఎక్కడ ఉండాలో వేరెవరో చూసుకోవాలి. లేఅవుట్ ట్యాగులు పుట్టింది ఈ అవసరంలోంచే.

1999 చివర్లో వచ్చిన జేఎస్పీ 1.1 వాటికి దారి వేసింది. ప్రోగ్రామర్ సొంతంగా ట్యాగులు తయారు చేసుకునే ఏర్పాటు అందులో వచ్చింది. ట్యాగు పని చేసే జావా క్లాసు ఒకటి రాయాలి, దాన్ని ట్యాగ్ హ్యాండ్లర్ అంటారు. ట్యాగు పేరేమిటి, దానికి ఏయే యాట్రిబ్యూట్లు ఉన్నాయి, ఏ క్లాసు దాన్ని నడుపుతుంది అన్న వివరాలు టీఎల్‌డీ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్లో రాయాలి. జేఎస్పీ పేజీ తలలో ట్యాగ్‌లిబ్ అన్న వరస పెట్టి, ఆ ట్యాగులకు ఒక ముద్దుపేరు ఇచ్చుకోవాలి. ట్యాగు మొదలైనప్పుడు డూస్టార్ట్‌ట్యాగ్, ముగిసినప్పుడు డూఎండ్‌ట్యాగ్ అనే మెథడ్లను సర్వరే పిలుస్తుంది. లోపలి విషయాన్ని చూడాలా వదిలేయాలా అన్నది డూస్టార్ట్‌ట్యాగ్ తిరిగి ఇచ్చే విలువను బట్టి ఉంటుంది.

జావా పుస్తకాల రచయిత డేవిడ్ గేరీ 2000లో జావావరల్డ్ పత్రికలో ఈ ఏర్పాటుతోనే పేజీ అచ్చులు, అంటే టెంప్లేట్లు, ఎలా చేయాలో చూపించాడు. ఆయన ట్యాగులే తర్వాత స్ట్రట్స్ ఫ్రేమ్‌వర్క్‌లో టెంప్లేట్ ట్యాగుల లైబ్రరీగా చేరాయి. క్రెయిగ్ మెక్‌క్లానహన్ 2000లో మొదలుపెట్టి అపాచీ సంస్థకు ఇచ్చిన స్ట్రట్స్, 2001లో 1.0గా విడుదలైంది. గేరీ ట్యాగులు మూడే: ఇన్సర్ట్, పుట్, గెట్. ఇంత పెద్ద చిక్కును మూడు ట్యాగులతో విడదీసిన పద్ధతి ఇప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

పేజీలో ఇన్సర్ట్ ట్యాగు మొదలవగానే దాని హ్యాండ్లర్ ఒక ఖాళీ హ్యాష్‌టేబుల్ తయారు చేసి, రిక్వెస్ట్‌లో దాచిన స్టాక్ మీద పెడుతుంది. తర్వాత లోపలున్న పుట్ ట్యాగులు ఒక్కొక్కటే నడుస్తాయి. టైటిల్ అంటే ఈ మాట, హెడర్ అంటే ఈ ఫైలు, కంటెంట్ అంటే ఆ ఫైలు అని ఒక్కో పుట్ ఆ హ్యాష్‌టేబుల్లో ఒక్కో జత వేస్తుంది. మాటను నేరుగా అచ్చు వేయాలా, లేక అది ఫైలు పేరనుకుని ఆ ఫైలు తెచ్చి కలపాలా అన్నది డైరెక్ట్ అనే యాట్రిబ్యూట్ చెబుతుంది. ఇన్సర్ట్ ట్యాగు ముగిసే చోట హ్యాండ్లర్ అచ్చు ఫైలును పిలుస్తుంది. ఆ ఫైల్లో టేబుల్ ఉంటుంది, దాని గడుల్లో గెట్ ట్యాగులుంటాయి. ఒక్కో గెట్ స్టాక్ పైనున్న హ్యాష్‌టేబుల్లోకి చూసి, తన పేరు మీద ఉన్నదాన్ని తీసి ఆ గడిలో పెడుతుంది. అంతా అయ్యాక స్టాక్ పైనున్న హ్యాష్‌టేబుల్‌ను తీసేస్తారు. స్టాక్ ఎందుకంటే, ఒక అచ్చు లోపల ఇంకో అచ్చు వాడినా ఒకదాని టైటిల్ ఇంకోదానికి తగలకుండా. పుట్‌కు రోల్ అనే యాట్రిబ్యూట్ కూడా ఉండేది. అందులో అడ్మిన్ అని రాస్తే లాగిన్ అయినవాడికి ఆ హోదా ఉన్నప్పుడే ఆ ముక్క పేజీలోకి వచ్చేది.

పెళ్లి శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో వినాయకుడి బొమ్మ, అంచుల డిజైను, ఆహ్వానపు మాటలు ముందే సిద్ధంగా ఉండి, వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం పేరు మాత్రం ఎవరివి వాళ్లకు వేసి ఇచ్చినట్టే ఈ మూడు ట్యాగుల పద్ధతి కూడా.

మూడు ట్యాగుల హ్యాండ్లర్లూ చిన్న క్లాసులే. జావా వచ్చినవాడు ఒక సాయంత్రం కూర్చుంటే మొత్తం చదివి, తనంతట తాను మళ్లీ రాయగలడు. ఈ ట్యాగుల గొప్పంతా ఇక్కడే ఉంది. తర్వాత వచ్చిన ఫ్రేమ్‌వర్కుల్లో పని సులువైంది కానీ లోపల ఏం జరుగుతోందో మొత్తంగా చూసే అవకాశం తగ్గిపోయింది. గేరీ ట్యాగుల్లో అడుగు దాకా కనిపించేది. కంప్యూటర్ సొంతంగా లేని కుర్రాడు కూడా నోటుపుస్తకంలో హ్యాష్‌టేబుల్ బొమ్మ గీసుకుని, ఏ పుట్ ఏ గడిలో పడుతుందో బాణాలతో చూపించగలిగేవాడు.

ఆ నోటుపుస్తకాలు నిండింది అమీర్‌పేటలో. అక్కడికి వెళ్లినవాళ్లు చదువుకున్న ఉత్తరాంధ్రలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు ఊపందుకున్నది 1997 నుంచి. ఆ ఏడాదే రాజాంలో జీఎంఆర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, విజయనగరం పక్కన చింతలవలసలో ఎంవీజీఆర్ కాలేజీ మొదలయ్యాయి. 2001లో టెక్కలిలో ఆదిత్య ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. విజయనగరంలో జేఎన్‌టీయూ కాలేజీ 2007లోనూ, ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008లోనూ వచ్చాయి. అంతకుముందు ఎచ్చెర్లలో ఉన్నది ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ సెంటర్. ఈ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకు సర్వ్‌లెట్లు, జేఎస్పీ వెబ్ టెక్నాలజీస్ పేపర్లో తగిలేవి. స్ట్రట్స్‌కు ఆ సిలబస్ చివర ఒక పరిచయ వాక్యమే దక్కింది. ఉద్యోగ ప్రకటనల్లో మాత్రం జావా, జేఎస్పీ, స్ట్రట్స్, టైల్స్, హైబర్నేట్ అని వరసగా ఉండేది. సిలబస్‌కీ ప్రకటనకీ మధ్య ఉన్న ఆ ఖాళీని పూడ్చినవి అమీర్‌పేటలోని శిక్షణ సంస్థలు.

పరీక్షల ఫలితాలు వచ్చిన వారం పది రోజుల్లో ప్రయాణం. శ్రీకాకుళం వాళ్లు ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్లోనూ, విజయనగరం వాళ్లు అక్కడి జంక్షన్లోనూ రైలెక్కేవారు. రాజాంకు రైలు లేదు కనుక అక్కడివాళ్లు చీపురుపల్లి దాకా బస్సులో రావాలి. విశాఖ ఎక్స్‌ప్రెస్, ఈస్ట్ కోస్ట్, ఫలక్‌నుమా ఆ దారిలో తెలిసిన పేర్లు. శ్రీకాకుళం రోడ్ నుంచి సికింద్రాబాద్ 800 కిలోమీటర్ల పైచిలుకు. రిజర్వేషన్ దొరక్కపోతే జనరల్ బోగీయే గతి. అదే బోగీలో హైదరాబాద్‌లో మేడలు కట్టే పనులకు వెళ్లే సిక్కోలు కుటుంబాలు కూడా తట్టాబుట్టలతో కూర్చునేవి. బతుకుతెరువు కోసం ఊరు వదలడం ఈ జిల్లాలకు కొత్త కాదు. ఒకప్పుడు రంగూన్ ఓడలెక్కిన ప్రాంతమిది. ఇంజనీరింగ్ పట్టా చేత పట్టుకుని వెళ్లడమే కొత్త.

అమీర్‌పేటలో దిగాక మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్, సత్యం థియేటర్ ఈ మూడూ గుర్తుపెట్టుకుంటే చాలు, దారి తప్పేది లేదు. మైత్రీవనం చుట్టుపక్కల బిల్డింగుల గోడలు కనిపించేవి కావు, అన్నీ బోర్డులే. కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా, స్ట్రట్స్, ఒరాకిల్, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్ అని అంతస్తుల వారీగా బ్యానర్లు వేలాడేవి. బస సంజీవరెడ్డి నగర్లోనో బల్కంపేటలోనో ఎల్లారెడ్డిగూడలోనో. గదికి నలుగురైదుగురు, ఇనుప మంచాలు, మంచాల కింద ట్రంకుపెట్టెలు, కిటికీలో ఆవకాయ సీసా, అమ్మ కట్టి పంపిన జంతికల డబ్బా. ఒకే ఊరి వాళ్లు, ఒకే కాలేజీ సీనియర్లు జూనియర్లు ఒక గదిలో చేరడం ఆనవాయితీ. తరగతిలో, బజారులో నగరపు తెలుగు మాట్లాడినా, గదిలోకి వచ్చాక ఏటీ, బేగి, ఎల్లొచ్చీసాను అన్న మాటలు వాటంతటవే వచ్చేవి. ముందు వెళ్లిన అన్న గదిలో చాప మీద కొత్తవాడికి ఒక నెల చోటు దొరికేది. ఆ నెలకు అద్దె అడిగేవారు కాదు.

కోర్సు ఎంచుకోవడానికి డెమో క్లాసులుండేవి. మొదటి రెండు మూడు రోజులు ఎవరైనా కూర్చోవచ్చు, నచ్చితే ఫీజు కట్టాలి. పేరున్న సార్ డెమో అంటే హాలు కిక్కిరిసేది. కుర్చీలు నిండాక నేల మీద, నేల నిండాక తలుపు బయట మెట్ల మీద కూర్చుని వినేవారు. మైకు, నల్లబల్ల, చెమట. సార్ బల్ల మీద రాసేది వెనక వరసలకు కనపడదు కనుక నోటితో కూడా చెప్పేవారు. లెస్ దేన్, టెంప్లేట్ కోలన్ ఇన్సర్ట్, టెంప్లేట్ ఈక్వల్ టు, డబుల్ కోట్స్‌లో స్లాష్ లేఅవుట్ డాట్ జేఎస్పీ, గ్రేటర్ దేన్. వందల మంది ఒకేసారి అది వింటూ రాసుకునేవారు. కంప్యూటర్ భాషను వేదంలా నోటి ద్వారా నేర్పిన ఈ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడినవాళ్లు ఉన్నారు కానీ, పదిసార్లు రాసిన చేతికి ట్యాగు ముగింపులో స్లాష్ మర్చిపోయే అలవాటు పోతుంది. ల్యాబ్‌లో సిస్టమ్ దొరికేది రోజుకు గంటో రెండు గంటలో. అందుకని ముందు కాగితం మీద ప్రోగ్రామ్ పూర్తిగా రాసుకుని, తప్పులు దిద్దుకుని, తర్వాతే కీబోర్డు ముందు కూర్చునేవారు.

నోట్సు కూడా ఒక సంపదే. చక్కటి దస్తూరీ ఉన్నవాడి నోట్సు జిరాక్స్ షాపుల్లో పుస్తకంలా బైండ్ చేసి అమ్మేవారు. ముందు బ్యాచ్ వాళ్ల మార్జిన్లలోని గీతలు, బాణాలు, ఇంటర్వ్యూ క్వశ్చన్ అని చుట్టిన గుండ్రాలు ఆ కాపీల్లో యథాతథంగా వచ్చేవి. అదే నోట్సు సెలవులకు ఊరెళ్లేవాడి సంచిలో పార్వతీపురం, బొబ్బిలి, పలాస దాకా చేరి, తర్వాతి ఏడాది వచ్చేవాళ్ల చేతుల్లో పడేది. అచ్చు పుస్తకాల్లో కాథీ సియెరా, బెర్ట్ బేట్స్, బ్రయాన్ బాషమ్ రాసిన హెడ్ ఫస్ట్ సర్వ్‌లెట్స్ అండ్ జేఎస్పీకి గిరాకీ ఎక్కువ. సన్ కంపెనీ వెబ్ కాంపోనెంట్ డెవలపర్ సర్టిఫికెట్ పరీక్షకు అది ఆధారం. ట్యాగు హ్యాండ్లర్‌లో ఏ మెథడ్ తర్వాత ఏది నడుస్తుందో ఆ పరీక్షకు కచ్చితంగా తెలియాల్సి ఉండేది.

2003లో స్ట్రట్స్ 1.1 వచ్చేసరికి గేరీ ట్యాగుల స్థానాన్ని టైల్స్ ఆక్రమించింది. ఫ్రాన్స్‌లోని లిల్ నగరానికి చెందిన సెడ్రిక్ డ్యుమౌలిన్ దీన్ని రూపొందించాడు. ఇన్సర్ట్, పుట్, గెట్ అన్న ఊహ అలాగే ఉంది. దానికి టైల్స్ చేర్చింది డెఫినిషన్. ఏ పేజీకి ఏ అచ్చు, ఏ హెడర్, ఏ మెనూ అన్నది జేఎస్పీల్లో కాక టైల్స్-డెఫ్స్ అనే ఒకే ఎక్స్ఎంఎల్ ఫైల్లో రాస్తారు. ఒక డెఫినిషన్ ఇంకో డెఫినిషన్ నుంచి పుట్టవచ్చు, జావాలో క్లాసు నుంచి క్లాసు పుట్టినట్టే. కాలేజీ సైటుకు బేస్ అని ఒకటి రాసి అందులో హెడర్, ఫుటర్ పెడితే, దాని నుంచి స్టూడెంట్ అన్నది పుట్టి విద్యార్థుల మెనూ చేర్చుకుంటుంది. దాని నుంచి మార్క్స్ అన్నది పుట్టి తన టైటిల్, తన విషయం మాత్రం చెబుతుంది. స్ట్రట్స్‌లో రిక్వెస్ట్‌ను అందుకునే క్లాసును యాక్షన్ అంటారు, అది పని ముగించాక ఫైలు పేరు కాక ఈ డెఫినిషన్ పేరునే ఫార్వర్డ్ చేస్తుంది. మెనూ కుడికి జరపాలంటే ఇప్పుడు మార్చాల్సింది ఒకే ఒక ఫైలు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు టైల్స్‌లో తప్పకుండా ఒక గోతిలో పడేవారు. లేఅవుట్ ఫైలు రాయగానే ఎలా కనిపిస్తుందోనన్న ఆత్రంతో బ్రౌజర్లో లోకల్‌హోస్ట్, 8080 అని కొట్టి ఆ ఫైలును నేరుగా తెరిచేవారు. వెంటనే కాంపోనెంట్ కాంటెక్స్ట్ నిర్వచించలేదు, ట్యాగు సింటాక్స్ చూసుకో అని ఎర్రర్ వచ్చేది. సింటాక్స్‌లో తప్పేమీ లేదు. అచ్చు ఫైలు ఒంటరిగా నడవదు, దానికి విలువలు అందించే డెఫినిషన్ ద్వారానో ఇన్సర్ట్ ట్యాగు ద్వారానో రావాలి, అంతే. ఎర్రర్ చెప్పిన కారణం ఒకటి, అసలు కారణం ఇంకొకటి కావడంతో ల్యాబ్ గంట మొత్తం సింటాక్స్ వెతకడంలోనే గడిచిపోయేది. ఇంకో చిక్కు ఫ్లష్ అన్న యాట్రిబ్యూట్‌తో. ముక్కలు కలిపేటప్పుడు మొదటి ముక్క బ్రౌజర్‌కు వెళ్లిపోయాక, లాగిన్ లేదు కనుక వేరే పేజీకి మళ్లించు అని రెండో ముక్క అడిగితే సర్వర్ వల్ల కాదు. లాగిన్ చూడాల్సింది యాక్షన్‌లో, పేజీ ముక్కలో కాదన్న క్రమశిక్షణ చాలామందికి ఈ ఎర్రర్‌తోనే వచ్చింది.

తెలుగు అక్షరాలు పేజీలో పెట్టాలనుకున్నవాళ్లకు ఇంకో మెట్టు ఉండేది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక తెరమీద తెలుగు కనపడటం మొదలైంది. కానీ జేఎస్పీ పేజీకి యూటీఎఫ్-8 అని చెప్పినా, డైరెక్టివ్‌తో కలిసే హెడర్ ఫైలుకు కూడా విడిగా పేజ్ఎన్‌కోడింగ్ చెప్పకపోతే కాలేజీ పేరు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు పడేవి. స్ట్రట్స్ మెసేజ్‌లు దాచే ప్రాపర్టీస్ ఫైళ్లు ఇంకా మొండివి. జావా వాటిని లాటిన్ అక్షరాలుగానే చదివేది. అందుకని తెలుగులో రాసిన ఫైలును నేటివ్‌టుఆస్కీ అనే జావా పరికరంతో మార్చాల్సి వచ్చేది. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలు. శ్రీకాకుళం అన్న పేరులో మొదటి శ్రీ ఒక్కటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు సంకేతాలవుతుంది. మార్చాక ఫైల్లో చూస్తే తెలుగు ఆనవాలే ఉండదు, బ్యాక్‌స్లాష్‌లు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తప్ప. 2017లో జావా 9 వచ్చాక జావా సొంత రిసోర్స్ బండిళ్ల ప్రాపర్టీస్ ఫైళ్లను నేరుగా యూటీఎఫ్-8లో చదవడం మొదలైంది, వాటికి ఆ పరికరం అవసరం లేకపోయింది.

చదువయ్యాక వేట. బుధవారం వచ్చే హిందూ పత్రిక ఆపర్చ్యూనిటీస్ అనుబంధం కోసం తెల్లవారే పేపర్ షాపు దగ్గర చేరేవారు. వాక్-ఇన్ ఎక్కడో తెలియగానే రెజ్యూమెలు ప్రింటు తీయించుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, గదిలో ఉన్న ఒక్క టైనూ వంతులవారీగా కట్టుకుని వెళ్లేవారు. 2001లో అమెరికా డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలినప్పుడు, 2008 మాంద్యంలో, 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడినప్పుడు ఈ గదుల్లో నెలలు ఏళ్లయ్యాయి. ఇంటి నుంచి వచ్చే డబ్బు ఎకరం తాకట్టు మీదో, అమ్మ మెడలోని గొలుసు మీదో వస్తున్నదని తెలిసి కూడా ఇంకో బ్యాచ్‌లో చేరినవాళ్ల కష్టం ఏ లెక్కల్లోనూ లేదు. ఉద్యోగం దొరికినవాళ్లు హైటెక్ సిటీలోనో బెంగళూరులోనో చేరి, అమెరికా బ్యాంకుల, బీమా కంపెనీల స్ట్రట్స్ అప్లికేషన్లు నడిపారు. నోటుపుస్తకంలో మూడు డెఫినిషన్లు రాసినవాడి ముందు వందల డెఫినిషన్ల ఫైలు తెరుచుకునేది. ఒకటి ఇంకోదాన్నుంచి పుట్టుకుంటూ పోయిన ఆ వరసల్లో ఏ పేజీకి హెడర్ ఎక్కణ్నుంచి వస్తున్నదో పట్టుకోవడమే మొదటి నెల పని.

టైల్స్‌కు పోటీ లేకపోలేదు. జో వాల్నెస్ మొదలుపెట్టిన సైట్‌మెష్ పద్ధతి తలకిందులుగా ఉంటుంది: పేజీకి అచ్చు గురించి ఏమీ తెలియదు, పేజీ తయారై బయటికి వెళ్లేటప్పుడు ఫిల్టర్ దాన్ని పట్టుకుని, తలనూ శరీరాన్నీ విడదీసి, అచ్చులో కూర్చి పంపుతుంది. 2003 చివర్లో వచ్చిన జేఎస్పీ 2.0లో ట్యాగ్ ఫైళ్లు చేరాయి. జావా క్లాసు, టీఎల్‌డీ ఏమీ లేకుండా, ట్యాగునే జేఎస్పీలా రాసి ఒక ఫోల్డర్లో పడేస్తే చాలు. లేఅవుట్‌లకు వీటన్నిటిలోకీ సాఫీ అయిన దారి ఇదే. కానీ ఉద్యోగ ప్రకటనల్లో టైల్స్ అన్న మాటే ఉండేది కనుక అమీర్‌పేటలో ట్యాగ్ ఫైళ్లకు అరగంటకు మించి కేటాయించినవాళ్లు తక్కువ. మంచి పద్ధతికి దక్కాల్సిన చోటు దక్కకపోవడం చూసి బాధపడినవాళ్లున్నారు. పేజీ అచ్చుల కోసమే జేకబ్ హూకమ్ చేసిన ఫేస్‌లెట్స్ 2009లో జేఎస్ఎఫ్ అనే జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్ 2.0లో భాగమైంది. 2011లో థైమ్‌లీఫ్ అనే మరో టెంప్లేట్ పరికరం వచ్చింది.

ఈ పరికరాలన్నింటి కింద ఉన్న నేల అప్పటికే కదులుతోంది. వీటన్నిటిలోనూ పేజీని కూర్చేది సర్వర్. 2005 నుంచి ఎజాక్స్, ఆ తర్వాత జేక్వెరీ, యాంగ్యులర్, 2013లో రియాక్ట్ వచ్చేసరికి పేజీని కూర్చే పని బ్రౌజర్‌కు మారింది. హెడర్, మెనూ ఒకసారి వచ్చి అక్కడే ఉంటాయి, మధ్య గడిలోకి కావలసిన సమాచారం మాత్రం సర్వర్ పంపుతుంది. సర్వర్ దగ్గర అచ్చే లేనప్పుడు అచ్చు ట్యాగులకు పనేముంది? స్ట్రట్స్ 1కి 2013లో అపాచీ ముగింపు ప్రకటించింది. అప్పటికి సొంత ప్రాజెక్టుగా నడుస్తున్న టైల్స్‌ను 2018లో మూలనపడిన ప్రాజెక్టుల జాబితాలోకి పంపింది. 2022లో వచ్చిన స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 6 టైల్స్‌కు ఇచ్చే మద్దతును తీసేసింది.

నేర్చుకునే తీరు కూడా దాదాపు అదే కాలంలో మారింది. 2017 నవంబరులో అమీర్‌పేటకు మెట్రో వచ్చింది. బోర్డుల మీద మాటలు పైథాన్, డేటా సైన్స్, క్లౌడ్ అని మారాయి. ఇంటర్నెట్ చవకయ్యాక పాఠాలు వీడియోల్లోకి వెళ్లాయి. 2020 కరోనా నెలల్లో హాళ్లు మూతపడి, హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. తర్వాత తెరుచుకున్నా, రాజాంలోనో నరసన్నపేటలోనో ఇంట్లో కూర్చుని అదే సార్ పాఠం వినగలిగిన కుర్రాడికి రైలెక్కాల్సిన పని లేకపోయింది. ఇంటికి దూరంగా అప్పుతో గడపాల్సిన నెలలు తప్పడం మంచికే. ముందు వెళ్లినవాడు చాప మీద చోటిచ్చి, టైల్స్ డెఫినిషన్ దగ్గర కూర్చోబెట్టి వివరించే ఏర్పాటు మాత్రం వీడియోల్లో లేదు.

టైల్స్‌తో కట్టిన అప్లికేషన్లు కొన్ని బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో ఇంకా నడుస్తున్నాయి. వాటిని కొత్త పద్ధతిలోకి మార్చే పని ఎక్కువగా ఆ రోజుల్లో నేర్చుకున్న నలభై దాటినవాళ్ల మీదే పడుతోంది. ముందు డెఫినిషన్ల ఫైలు తీసుకుని, ఏది దేన్నుంచి పుట్టిందో చెట్టులా గీసుకుంటారు. అన్నిటికీ తల్లి అయిన బేస్‌ను థైమ్‌లీఫ్ లేఅవుట్‌గానో రియాక్ట్‌లోని పై కాంపోనెంట్‌గానో రాస్తారు. పుట్‌లుగా ఉన్న హెడర్లు, మెనూలు ఒక్కొక్కటే విడి ముక్కలవుతాయి. రోల్ చూసి చూపించే భాగాలకు సెక్యూరిటీ వేరే చోట రాస్తారు. ఎవరూ పిలవని డెఫినిషన్లు పదుల కొద్దీ బయటపడతాయి, వాటిని తీసేస్తారు. చివరి జేఎస్పీ కూడా మారాక, ప్రాజెక్టు నుంచి స్ట్రట్స్-టైల్స్ టీఎల్‌డీ ఫైలును, దాని జార్‌ను తొలగించి మళ్లీ బిల్డ్ చేస్తారు.